ఉప్పు తిన్న స్ప్రింగులు

అండమాన్ వాలు రోడ్లపై పాత కారుకు పట్టు పెంచాలనుకునేవారు కొత్త హంగుల మీద పడేముందు కారు కింద ఏం మిగిలిందో చూసుకోవాలి

జులై వానలో అబర్దీన్ బజార్ నుంచి ఫీనిక్స్ బే వైపు దిగే వాలు. ఎదురుగా ఆటో అడ్డం వచ్చింది. పదిహేడేళ్ల మారుతి 800 బ్రేకు నొక్కగానే ముక్కు కిందికి దించి, ఎడమకు ఓ జానెడు జరిగి, వెనక భాగం రెండుసార్లు ఊగి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నడిపిన మనిషికి ఆ జానెడు గుర్తుండిపోతుంది. మర్నాడు గ్యారేజీలో అతను అడగబోయేది దాదాపు ఊహించవచ్చు. స్ప్రింగులు గట్టివి వేయమంటాడు, బండి కాస్త కిందికి దించమంటాడు, వెడల్పు టైర్లు వేయమంటాడు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో బంధువుల కుర్రాడి కారుకు అలాగే చేయించారు, అది మలుపుల్లో పట్టాల మీద రైలులా పోతోంది మరి.

ఆ కోరికలో తప్పేమీ లేదు. తప్పు వరుసలో ఉంది. ఆ కారు పక్కకు జరిగింది స్ప్రింగు మెత్తనైనందుకు కాకపోవచ్చు. వంద రూపాయల నోట్లు నాలుగైదు ఖర్చయ్యే రబ్బరు బుష్ ఒకటి ఎప్పుడో పిండి అయిపోయి ఉండొచ్చు.

2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ కొండల మీద, కొండల మధ్య పెరిగిన ఊరు. చదునైన రోడ్డు కన్నా ఎక్కేదో దిగేదో ఎక్కువ. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేది అందులో మూడో వంతు కూడా ఉండదు. మే నుంచి డిసెంబర్ దాకా రెండు రుతుపవనాలు వంతులేసుకుని తడుపుతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో 13 శాతానికి పైగా మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. ఆ తీరానికి, ఈ దీవులకు మధ్య 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడెక్కించి తెచ్చుకున్న కారును ఎవరూ తేలిగ్గా వదులుకోరు. అందుకే ప్రధాన భూభాగంలో ఎప్పుడో తూకానికి వెళ్లిపోయే వయసు బండ్లు ఇక్కడ ఇంకా పిల్లల్ని బడికి దింపుతుంటాయి.

వాటికి వయసు కన్నా పెద్ద శత్రువు ఉప్పు. సముద్రపు గాలిలో తేలి వచ్చే ఉప్పు కారు పైభాగాన్ని మెల్లగా, అడుగుభాగాన్ని త్వరగా తింటుంది. పైన రంగు ఉంటుంది, కింద బురద పట్టి తడి ఆరకుండా ఉంటుంది. 2004 డిసెంబర్ 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లో సముద్రం నిలిచిపోయింది. ఆ తర్వాత చాలా కాలం పోటు వేళ లోతట్టు రోడ్ల మీదికి ఉప్పునీరు వచ్చేది. ఆ నీటిలోంచి రోజూ వెళ్లి వచ్చిన బండ్ల పరిస్థితి చెప్పనక్కర్లేదు. స్ప్రింగు కూర్చునే పళ్లెం, స్ట్రట్ పైకొస బిగించిన రేకు, కమాను కట్టల యూ-బోల్టులు తుప్పుకు మొదటి మేత.

మంచు కరిగించడానికి చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే బ్రిటన్‌కు ఈ బాధ బాగా తెలుసు. అక్కడ మూడేళ్లు దాటిన కారుకు ఏటా పరీక్ష తప్పదు. సస్పెన్షన్ బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపల రేకు బలం పోయేంత తుప్పు కనిపిస్తే ఆ కారు తప్పినట్టే. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ పదిహేనేళ్లలో దాని అడుగుభాగం చూపించమని యజమానిని చట్టం అడగదు. అనంతపురంలో తిరిగే కారుకు అది సరిపోతుందేమో. కార్బిన్స్ కోవ్ ఒడ్డున తిరిగే కారుకు కూడా అదే కొలత అనడం మాత్రం ఢిల్లీలో కూర్చుని రాసిన నిబంధనే అనిపిస్తుంది.

ఇంతకీ సస్పెన్షన్ చేసే పని ఏమిటి? కుదుపులు తెలియకుండా చేయడం అనుకుంటారు. అది సగమే. రెండో సగం, అసలు సగం, టైరును రోడ్డుకు అంటిపెట్టుకుని ఉండేలా చూడడం. స్ప్రింగు బరువు మోస్తుంది, గుంత తగిలితే ముడుచుకుంటుంది. దాన్ని అలా వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును నూనెలో చిన్న రంధ్రాల గుండా పిండి, వేడిగా మార్చి చంపేది షాక్ అబ్జార్బర్. నూనె కారిపోయిన షాక్ అబ్జార్బర్ ఉన్న చక్రం గతుకుల మీద గెంతుతుంది. గాలిలో ఉన్న క్షణంలో దానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. పొడి రోడ్డు మీద ఇది విసుగు. తడిసిన వాలులో ప్రమాదం.

పరీక్ష సులువే. కారు ఒక మూల బలంగా కిందికి నొక్కి వదలాలి. లేచి, ఒక్కసారి సర్దుకుని ఆగితే ఫరవాలేదు. రెండోసారి, మూడోసారి ఊగితే షాక్ అబ్జార్బర్ పని అయిపోయినట్టు. తుప్పుతో బిగుసుకుపోయిన షాక్ అసలు కదలదు. దాన్ని చూసి గట్టిగా ఉందని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు.

మారుతి 800నే తీసుకుంటే, 1983లో వచ్చిన తొలి రకానికి వెనక కమాను కట్టలుండేవి. 1986లో వచ్చిన కొత్త ఆకారంలో వాటి బదులు చుట్టల స్ప్రింగులు పెట్టారు. 2014 జనవరిలో తయారీ ఆగేదాకా అదే పద్ధతి. ముందు వైపు స్ట్రట్‌లు. ఈ కారులో ఒక పొదుపు ఉంది. మలుపుల్లో ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ కడ్డీయే ముందు చక్రం వెనక్కి జరగకుండా పట్టి ఉంచే పనీ చేస్తుంది. ఒక్క కడ్డీకి రెండు ఉద్యోగాలు. దాని బుష్‌లు అరిగితే బ్రేకు వేసినప్పుడల్లా చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది. రెండు వైపులా సమానంగా అరగవు కాబట్టి బండి ఓ పక్కకు లాగుతుంది. ఫీనిక్స్ బే వాలులో ఆ జానెడు అలా వచ్చే అవకాశమే ఎక్కువ. స్ప్రింగులు ఎంత గట్టివి వేసినా అది పోదు.

2014 మేలో ఉత్తర్‌పాడా కర్మాగారం ఆగిపోయేదాకా తయారైన అంబాసిడర్‌ది మరో కథ. ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు కాక మెలితిరిగే పొడవాటి టార్షన్ కడ్డీలు, వెనక కమాను కట్టలు. ఆ కట్టల మధ్య తుప్పు పేరుకుంటే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారవు. బండి చిన్న గతుక్కి బిర్రబిగుసుకుని, పెద్ద గుంతలో ఒక్కసారిగా కూలబడుతుంది. మారుతి ఓమ్ని వెనక కట్టలకూ అదే జబ్బు. కట్టలు విప్పి, తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు పూసి, విరిగిన పట్టీ మార్చి మళ్లీ బిగించడం చెమటోడ్చే పనే కానీ కొత్త సామాను అంతగా అక్కర్లేనిది. ఓడ కోసం ఎదురు చూడాల్సిన ఊళ్లో అదీ ఒక సుగుణమే.

ఇక బండిని కిందికి దించే ముచ్చట. దానికి చవకగా దొరికే దారి గ్రైండర్‌తో స్ప్రింగు చుట్ట కోసేయడం. లెక్క చూస్తే పని చేసే ఆరు చుట్టల్లో ఒకటి కోస్తే స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. అదే సమయంలో చక్రం పైకి కదలడానికున్న చోటు తగ్గుతుంది. అంటే ప్రతి పెద్ద గుంతకూ స్ట్రట్ అడుగు తగిలి, దెబ్బ నేరుగా పైనున్న రేకు మీద పడుతుంది. ఆ రేకును ఉప్పు అప్పటికే సగం తిని ఉంటుంది. పైగా ఎత్తు తగ్గితే లోయర్ ఆర్మ్‌ల కోణం మారి చక్రాల వరుస చెదురుతుంది. చదునైన, పొడి రేసింగ్ ట్రాక్ మీద పనికొచ్చే గట్టిదనం తడి గతుకుల మీద టైరును గెంతిస్తుంది. మెత్తని స్ప్రింగు, మంచి షాక్ అబ్జార్బర్ - ఈ జోడీయే ఇలాంటి రోడ్లకు నయం.

మరి పెంచుకోదగినవి లేవా? ఉన్నాయి. మొదటిది టైరు. సస్పెన్షన్ ఎంత శ్రమపడినా చివరికి రోడ్డును తాకేది అదే. గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చట్టం ఊరుకుంటుంది, అండమాన్ వాన మాత్రం ఊరుకోదు. అందుకు రెట్టింపు ఉన్నప్పుడే కొత్తవి కొనుక్కోవడం మంచిది. తక్కువ తిరిగే దీవి కార్లలో గాడి అరగకముందే రబ్బరు ముసలిదవుతుంది కాబట్టి పక్క గోడ మీద ఉండే నాలుగంకెల తయారీ తేదీ, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం, చూసి కొనాలి. తర్వాత బుష్‌లన్నీ ఒకేసారి. ఆ తర్వాత నాలుగు షాక్ అబ్జార్బర్లూ, కనీసం జతగానైనా, గ్యాస్ నింపిన రకం దొరికితే మేలు. గతుకుల్లో నూనె నురగలెత్తడం వాటిలో తక్కువ. అన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంట్. దీన్ని ముందే చేయించి తర్వాత బుష్‌లు మార్చేవారు డబ్బు రెండుసార్లు ఇచ్చుకుంటారు. రబ్బరు బదులు పాలీయురెథేన్ బుష్‌లు వేస్తే స్టీరింగ్ చురుకవుతుంది, మన్నికా ఎక్కువే, కాకపోతే కిర్రు చప్పుడు భరించాలి. అంతటితో కారు కొన్ననాటి పట్టుకు తిరిగి వస్తుంది. అదే గొప్ప మెరుగుదల అని ఒప్పుకోవడానికి చాలామందికి మనసొప్పదు.

చట్టం కూడా అక్కడే ఆగమంటోంది. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరింత ఖండితంగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అరిగిన భాగం స్థానంలో అలాంటిదే వేయడం మరమ్మతు. చుట్ట కోయడం మరమ్మతు కాదు. పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. అంత కట్టి నిలబెట్టుకునే బండికి కాగితాల్లో చిక్కు తెచ్చుకోవడం ఎందుకు?

సామాను దొరకడమే పెద్ద చిక్కు. చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి ఓడ ప్రయాణమే రెండున్నర, మూడు రోజులు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఇంకా ఆలస్యం. విశాఖ నుంచి వచ్చే మేనమామ సామానులో ఆవకాయ జాడీ పక్కన రెండు స్ట్రట్‌లు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. దిగ్లీపూర్ వైపు వెళ్లేవారికి ఈ జాప్యం మరీ బరువు. 300 కిలోమీటర్లకు పైబడిన అండమాన్ ట్రంక్ రోడ్డు గతుకులకు ఏళ్ల తరబడి పేరుమోసింది. అందులో జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జారవాల అభయారణ్యం. అక్కడ బండ్లు పోలీసు కాపలాతో వరుసగా వెళ్లాలి, మధ్యలో ఆగకూడదు. కట్ట విరిగిన కారు ఆగితే తన వెనకున్న వరుసనంతా ఆపుతుంది. ఎవరూ తమ జోలికి రాకూడని జారవాల ఇంటి ముందే ఆపుతుంది.

ఇన్ని ఖర్చుల మధ్య ఉప్పును ఆపడానికి అన్నిటికన్నా చవకైన పని ఒకటుంది. వారానికోసారి కారు అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగి, ఆరాక మడ్‌గార్డుల లోపల, స్ప్రింగు పళ్లేలకు తుప్పు నిరోధక నూనె కొట్టడం. వానాకాలంలో నీటికి కొదవలేదు, ఆరబెట్టడానికి ఎండ ఉండదు. ఎండాకాలంలో ఎండ ఉంటుంది, అప్పుడు నగరానికి నీరిచ్చే ధనీఖాడీ జలాశయం అడుగంటి, కుళాయి రోజు విడిచి రోజో, ఇంకా ఆలస్యంగానో వస్తుంది. పట్టుకున్న బిందెల్లోంచి రెండు బకెట్లు కారు కిందికి పోస్తానంటే ఇంట్లోవాళ్లు ఏమంటారన్నది ఏ మెకానిక్ చేతిలోనూ లేదు.