ఉద్యోగం పోయింది, పనితనం పోలేదు

లేఆఫ్‌ల వార్త వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్ మాదాపూర్ హాస్టళ్లలో పిల్లలకీ, ఊళ్లో ఉన్న వాళ్ల అమ్మానాన్నలకీ ఒకటే గుబులు. ఆ గుబులులో నమ్మకూడనివి నమ్ముతున్నారు, చేయకూడనివి చేస్తున్నారు. ఇరవై ఏళ్లుగా ఐటీ రంగంలోనే ఉండి, వందల ఇంటర్వ్యూలు చేశాను. తరచూ నా చెవిన పడే కొన్ని మాటలకు జవాబు చెప్పాలి.

అపోహ: పని చేతకానివాళ్లనే తీసేస్తారు.

వాస్తవం: 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయుల్లో ఉన్నవాళ్లే. ఆ మెట్టు దాకా వచ్చారంటే ఏళ్ల తరబడి పనిచేసి, ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్లనే కదా! సర్వీసు కంపెనీ బిల్లింగ్ మీద బతుకుతుంది. క్లయింటు డబ్బు కట్టే ప్రాజెక్టులో ఉన్నంతకాలం మీరు ఆదాయం కింద లెక్క. ప్రాజెక్టు ముగిసి బెంచ్ మీదికొచ్చారా, ఖర్చు కింద లెక్క. అదే ఏడాది జూన్‌లో ఆ సంస్థ ఏడాదికి కనీసం 225 పనిదినాలు బిల్లింగ్‌లో ఉండాలనీ, బెంచ్ 35 రోజులు దాటకూడదనీ నియమం పెట్టింది. జీతం పెరిగినకొద్దీ మరో ప్రాజెక్టులో చోటు దొరకడం కష్టమవుతుంది. క్లయింటేమో అదే పని తక్కువ రేటుకు చేసేవాళ్లు కావాలంటాడు. ఇందులో మీ తెలివితేటల మీద తీర్పేమీ లేదు.

అపోహ: అమెరికా పని ఎప్పుడూ మనకే వస్తుంది, మనకేం ఢోకా లేదు.

వాస్తవం: వస్తోంది, కానీ వచ్చే దారి మారింది. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచిన కాలంలో విదేశీ సంస్థలు ఎక్కువగా పనిని ఇక్కడి సర్వీసు కంపెనీల చేతిలో పెట్టేవి. ఇప్పుడు ఆ బ్యాంకులూ మందుల కంపెనీలూ గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో సొంతంగా సెంటర్లు పెట్టుకుంటున్నాయి. వీటినే జీసీసీలు (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు) అంటున్నారు. పని ఊరు దాటి పోలేదు, వీధి మారింది. కాకపోతే దాని వెంట మనమూ వెళ్లాలంటే మళ్లీ ఇంటర్వ్యూకి కూర్చోవాలి. అక్కడ ఏ టూల్ వచ్చో అడిగి ఊరుకోరు, ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసా అని కూడా అడుగుతారు.

అపోహ: మార్కెట్లో నడుస్తున్న కోర్సు ఒకటి చేసేస్తే చాలు.

వాస్తవం: అమీర్‌పేట కోచింగ్ సెంటర్లను నేను చిన్నచూపు చూడను. మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో నేర్చుకుని నిలబడ్డ కుటుంబాలు నాకు ఎన్నో తెలుసు. అయితే కోర్సు గుమ్మం దాకా తీసుకొస్తుంది, అంతే. ఆ తర్వాత నడవాల్సింది మనమే.

ఈ మధ్య పదకొండేళ్ల అనుభవం ఉన్న ఒకాయన ఇంటర్వ్యూకి వచ్చాడు. రెజ్యూమే నిండా టూల్స్ పేర్లు, కొత్తగా చేసిన రెండు సర్టిఫికేషన్లు. ప్రాజెక్టు గురించి చెప్పమన్నాను.

"ఇన్సూరెన్స్ క్లయింట్ అండీ. మేము క్లెయిమ్స్ మాడ్యూల్ చూసేవాళ్లం."

"అందులో మీరేం చేసేవారు?"

"టికెట్లు వచ్చేవండీ, క్లోజ్ చేసేవాళ్లం."

మళ్లీ "వాళ్లం"! ఇంకొకరైతే అక్కడితో ముగించేవారేమో. నేను మాత్రం, మిమ్మల్ని బాగా ఏడిపించిన టికెట్ ఏదో చెప్పండి అన్నాను. ఆయన ముఖంలోకి వెలుగొచ్చింది. నెలాఖరు వచ్చిందంటే చాలు, అర్ధరాత్రి రెండింటికి బ్యాచ్ ఆగిపోయేదట. ఎవరో ఒకరు నిద్రలేచి మళ్లీ నడిపించడం, పడుకోవడం. ఈయన మూడు నెలల సిస్టమ్ లాగ్‌లు ముందేసుకుని కూర్చుని, ఒక ఆసుపత్రి నుంచి ఒకే బిల్లుల ఫైలు రెండుసార్లు వస్తోందని పట్టుకున్నాడు. రెండోదాన్ని ముందే పక్కన పెట్టేలా చిన్న స్క్రిప్టు రాశాడు. ఆ తర్వాత రాత్రి ఫోన్లు ఆగిపోయాయి. ఇంత మంచి పని చేసి, దాని గురించి రెజ్యూమేలో ఒక్క ముక్కా రాయలేదు! ఆయన్ని తర్వాతి రౌండుకు పంపాను. పంపింది ఆ ఫైలు కథ విని.

పాత టెక్నాలజీ చచ్చిపోయిందన్న మాటా ఇలాంటి అపోహే. కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష 1959 నాటిది. 2020 ఏప్రిల్‌లో, కరోనా దెబ్బకు నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ వచ్చినవాళ్లు సాయానికి రావాలని అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ స్వయంగా అభ్యర్థించారు. కొత్తది నేర్చుకోండి, తప్పకుండా నేర్చుకోండి. కానీ చేతిలో ఉన్న పనిని పునాది దాకా తెలుసుకున్నవాళ్లకే కొత్తది త్వరగా పట్టుబడుతుంది.

అపోహ: మూడేళ్లు ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుంటే ఎవరికీ తెలియదు.

వాస్తవం: తెలుస్తుంది. ఏ కంపెనీ ఎన్నాళ్లు మీ పేరిట పీఎఫ్ కట్టిందో మీ యూఏఎన్ ఖాతాలో తేదీలతో సహా ఉంటుంది. చేరిన ఆరు నెలలకు వెరిఫికేషన్‌లో దొరికి, నిజంగా నేర్చుకున్న పని కూడా పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. ఆ ఫేక్ కాగితాల కోసం ఇంట్లో అప్పు తెచ్చి కన్సల్టెన్సీల చేతిలో డబ్బు పోశారు. దయచేసి ఆ జోలికి పోకండి.

అపోహ: ఏఐ వచ్చేసింది, కోడింగ్ పని అయిపోయింది.

వాస్తవం: చిన్న ప్రోగ్రాములు, టెస్టులు అది చకచకా రాసేస్తోంది. ఆ మేరకు ఫ్రెషర్ల పని తగ్గుతున్న మాట నిజం, దాచి లాభం లేదు. కానీ అది రాసిన కోడ్ తప్పయితే క్లయింటుకు జవాబు చెప్పాల్సింది మనిషే. దాన్ని రోజూ వాడండి, అది రాసిన ప్రతి లైనూ మీకు అర్థమయ్యేదాకా వదలకండి.

అపోహ: అమెరికా వెళ్లిపోతే ఇక నిశ్చింత.

వాస్తవం: హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం ఆగితే అక్కడ ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అక్కడ ఉండే అనుమతి తేదీ చూపే ఐ-94 అంతకుముందే ముగిసేట్టయితే, గడువు ఆ తేదీ వరకే. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి, లేదా పిల్లల్ని బడి మాన్పించి విమానమెక్కాలి. అక్కడున్నవాళ్లు ఆరు నెలల ఖర్చులు విడిగా దాచుకోవడం, కాగితాలన్నీ ఒకచోట పెట్టుకోవడం ఇవాళే మొదలుపెట్టాలి.

చివరగా ఇంట్లోవాళ్లకు ఒక మనవి. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరి ఏ కాఫీ షాపులోనో సాయంత్రం దాకా గడిపేవాళ్లున్నారు. మీ అబ్బాయో కోడలో ఆ మాట బయటపెట్టిన రోజున "ఏం తప్పు చేశావు?" అని అడక్కండి. ముందు అన్నం పెట్టండి. తర్వాత పక్కన కూర్చుని, ఇన్నేళ్లలో ఏమేం పని చేశావో నాకు అర్థమయ్యేలా చెప్పు అనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంటర్వ్యూలోనూ చెప్పగలరు.