తీతువు ఫోటో

మార్కాపురం, గిద్దలూరు నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి నిలిపిన కంభం చెరువున్నది. ఒక వేసవి ఉదయం అక్కడ తీతువు పిట్టను ఫోటో తీయబోయాను. నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు! ఆ కూత అపశకునమంటారు పెద్దలు. చూద్దునుగదా, నా చెప్పు పక్కనే, గులకరాళ్ళలో కలిసిపోయి 4 మచ్చల గుడ్లు! పాపం, ఆ గోల వాటికోసమే.

తీతువు నేలమీది చిన్నగుంటలోనే గుడ్లు పెడుతుంది. ఎండ ముదిరితే వాటికి నీడగా నిలబడుతుంది. పొట్ట ఈకలు నీళ్ళలో తడిపి వచ్చి చల్లబరుస్తుంది. నేనక్కడే ఉంటే గుడ్లు మాడిపోవూ? వచ్చిన అడుగుల్లోనే వెనక్కు నడిచి, దూరాన తుమ్మచెట్టు చాటున కూర్చున్నాను. 30 ఏళ్ళు పిల్లలను “కదలకండిరా!” అన్నవాణ్ణి, ఆ రోజు చీమలు కుడుతున్నా కదల్లేదు. పావుగంటకు తల్లి గుడ్లమీద వాలింది. ఫోటోలో పిట్ట గోరంతే ఉన్నది. దానికే అద్దం కట్టించాను.