అందానికి కొలబద్ద ఎవరిది?

మిట్టమధ్యాహ్నం మిన్నీ బే సముద్రపుటొడ్డున నిలబడ్డారనుకోండి. శ్రీవిజయపురంలోని (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) ఈ పేట భూమధ్యరేఖకు 12 డిగ్రీలలోపే ఉంది. కాసేపటికే చర్మం చురుక్కుమంటుంది. ఇంటికి రాగానే అమ్మ, "ఎంత నల్లబడిపోయావురా!" అని నొచ్చుకుంటుంది. ఆ నలుపు మీ శరీరం మీకు పట్టిన గొడుగని ఎప్పుడైనా అనుకున్నారా?

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. రక్తంలోని ఫోలేట్ అనే విటమిన్‌ను కూడా పాడుచేస్తాయి. గర్భంలోని శిశువుకు వెన్నుపాము సరిగా ఏర్పడాలంటే ఫోలేట్ అవసరం. మెలనిన్ అనే రంగు పదార్థం ఆ కిరణాలను పీల్చుకుని అడ్డుపడుతుంది. ఎండ తక్కువగా ఉండే ఉత్తర దేశాలలో చిక్కు వేరు. అక్కడ విటమిన్ 'డి' తయారు కావాలంటే కొన్ని కిరణాలైనా లోపలికి చేరాలి. కనుక అక్కడ లేత చర్మం మనుగడకు తోడ్పడింది. జాబ్లాన్‌స్కీ, చాప్లిన్ అనే శాస్త్రజ్ఞులు 2000లో ఇలా వివరించారు.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2013 నాటి అధ్యయనం మరో సంగతి తేల్చింది. చర్మాన్ని లేతపరిచే ఒక జన్యు మార్పు మనవాళ్ళకూ, యూరప్ వాళ్ళకూ ఒకే మూలం నుంచి వచ్చింది. ఒకే ఇంట్లో అక్క పచ్చగా, చెల్లెలు చామనచాయగా ఉండటం ఇలాంటి జన్యువుల పంపకమే తప్ప ఎవరి గొప్పా కాదు.

మరి అందం మాటేమిటి? నిగనిగలాడే చర్మం, ఒత్తయిన జుట్టు ఆరోగ్యానికి గుర్తులు. వాటిపై మక్కువకు మూలం మనుగడ ప్రవృత్తి కావచ్చు. రంగుపై మోజు అలాంటిది కాదు. అండమాన్ ఆదివాసులు నల్లని ఒంటిపై తెల్లమట్టితో ముచ్చటైన గీతలు దిద్దుకుంటారు. 1906-08లో వారి మధ్య పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఈ పూతలు సొగసుకే కాదు, ఆపదల నుంచి రక్షణకు కూడా అని వారి నమ్మకాల ఆధారంగా వివరించాడు. మన పురాణాలలో అందగత్తె ద్రౌపది పేరు 'కృష్ణ', అంటే నల్లనిది!

ఎండలో పనిచేసేవారు కూలీలు, నీడపట్టున ఉండేవారు యజమానులు అయినచోట తెలుపు హోదాకు గుర్తయింది. యూరప్‌లో కార్మికులు ఫ్యాక్టరీల్లోకి వెళ్ళాక, 20వ శతాబ్దంలో ఎండకు కమిలిన ఒళ్ళే విలాసానికి గుర్తయింది. చర్మం అదే, అర్థం తిరగబడింది.

కొన్ని తెల్లబరిచే క్రీములలో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అలాంటి డబ్బా కొనేముందు ఒక్క క్షణం ఆగండి. మండుటెండలో ఎవరైనా గొడుగుకు చిల్లులు పెట్టుకుంటారా?