ఏసీలో గ్యాస్ ‘అయిపోదు’

ఎండలు ముదిరితే బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా ఏసీ మెకానిక్ నోట మొదట వచ్చే మాట ఒకటే: ‘గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి.’ ఇంటివాళ్లు వేలు పోసి నింపించుకుంటారు. మరుసటి వేసవికి మళ్లీ అదే మాట, అదే ఖర్చు. మన బడుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఈ మాటను నిలదీయగలరని మేం అనుకుంటున్నాం. అందుకు కావలసిన సంగతులు ఉష్ణం పాఠంలోనే ఉన్నాయి.

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలోని వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది. మోసేది రాగి గొట్టాల్లో తిరిగే పదార్థం, మనం గ్యాస్ అని పిలిచేది. లోపలి కాయిల్‌లో అది తక్కువ పీడనం దగ్గర ఆవిరవుతూ, అందుకు కావలసిన బాష్పీభవన గుప్తోష్ణాన్ని గది గాలి నుంచి లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి పీడనం పెంచుతుంది. బయటి కాయిల్‌లో అది తిరిగి ద్రవమవుతూ వేడిని వదిలేస్తుంది. ఇదంతా మూసి ఉన్న వలయం. స్కూటర్లో పెట్రోలులా మండి ఖర్చయ్యేది అందులో ఏమీ లేదు. కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు మూయకుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

కారే చోటు కనిపెట్టడం బ్రహ్మవిద్య కాదు. కంప్రెసర్ నూనె కొంత గ్యాస్‌తో పాటే తిరుగుతుంది గనుక, కారిన జాయింటు దగ్గర తరచు జిడ్డు మరక ఉంటుంది. సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. పద్ధతి తెలిసిన మెకానిక్ నైట్రోజన్ పట్టించి పీడనం నిలుస్తుందో లేదో చూస్తాడు. తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేస్తాడు. ఆపైన యూనిట్ మీది స్టిక్కర్‌లో రాసినన్ని గ్రాములు తూచి నింపుతాడు. తూకం మిషన్ లేకుండా సిలిండర్ తగిలించే వారిని ‘ఎంత పట్టింది?’ అని అడిగి చూడండి. ఏ గ్యాసో కూడా అడగాలి. పాత ఏసీల్లో ఆర్-22 ఉండేది, ఇప్పటి వాటిలో ఎక్కువగా ఆర్-32. ఒకదానికి బదులు ఇంకొకటి పోయకూడదు. ఆర్-32కు కొంచెం మండే గుణం ఉంది. పని జరిగేచోట బీడీ, సిగరెట్టు పనికిరావు.

అసలు గ్యాస్ దాకా పోకముందే చూడాల్సినవి ఉన్నాయి. బళ్లారి దుమ్ములో ఫిల్టర్ నెల తిరక్కుండానే పూడుకుపోవచ్చు. దాన్ని తీసి కుళాయి కింద కడిగి ఆరబెడితే సగం ఫిర్యాదులు తీరతాయని మా అనుభవం. బయటి యూనిట్ రెక్కల మధ్య మట్టి పట్టినా వేడి బయటకు పోదు. సముద్రానికి దగ్గరైన యానాం, బరంపురాల్లో కథ వేరు. ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలతాయి, గొట్టాలూ దెబ్బతింటాయి. అక్కడ గ్యాస్ కారడం నిజంగానే ఎక్కువ. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కాయిల్ మీద నీరు కూడా బాగా చేరుతుంది. ఆ నీరు పోయే పైపు మూసుకుపోతే గోడ వెంట కారుతుంది. దానికీ గ్యాస్‌కూ సంబంధం లేదు. (షోలాపూర్ పొడి ఎండల్లో హాయినిచ్చే నీళ్ల కూలర్ యానాంలో ఉక్కపోత పెంచేది కూడా ఈ తేమ వల్లే.)

లోపలి కాయిల్ మీద ఐసు కడితే బాగా పనిచేస్తోందని సంబరపడేవాళ్లున్నారు. అది జబ్బు లక్షణం. ఫిల్టర్ మూసుకుపోయి గాలి ఆడకపోయినా, గ్యాస్ తగ్గినా ఐసు కడుతుంది. ఏసీని ఫ్యాన్ మీద ఉంచి ఐసు కరగనిచ్చి, ఫిల్టర్ కడిగి చూడాలి. మళ్లీ కడితే అప్పుడు మెకానిక్‌ను పిలవాలి. బయట ఫ్యాన్ తిరుగుతూ, కంప్రెసర్ మాత్రం ‘గుమ్’మని కాసేపు మూలిగి ఆగిపోతుంటే కెపాసిటర్‌ను అనుమానించాలి. గ్యాస్ నింపే ఖర్చుతో పోలిస్తే అది చవక. అయితే కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. పిల్లలు చూసి, విని, రాసుకోవాలి తప్ప మూత విప్పకూడదు.

కారులో ఒక తేడా ఉంది. ఇంజిన్‌తో తిరిగే కంప్రెసర్ సీలు, రబ్బరు గొట్టాల గుండా గ్యాస్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గవచ్చు. అయినా ప్రతి వేసవికీ నింపాల్సి వస్తే అది లీకే. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తే ముందు చూడాల్సింది రేడియేటర్ దగ్గరి ఫ్యాన్‌ని. ఆగిన బండిలో కండెన్సర్‌కు గాలి కొట్టేది అదే. కారు కింద నీళ్లు చుక్కలు పడటం మామూలే. లోపల కాళ్ల దగ్గర పట్టా తడిస్తే మాత్రం డ్రెయిన్ మూసుకుపోయినట్టు.

ఈ పనిని బతుకుతెరువుగా తీసుకోదలచిన పిల్లలకు పదో తరగతి తర్వాత ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ కోర్సు ఉంది. వ్యవధి 2 ఏళ్లు. కన్నడ, తమిళం, ఒడియా, మరాఠీ మాట్లాడే తోటివాళ్ల మధ్య మన పిల్లలు వెనకబడతారన్న బెంగ తల్లిదండ్రుల్లో చూస్తున్నాం. కంప్రెసర్, కాయిల్, కెపాసిటర్ అన్న మాటలు ఏ ఊరి షెడ్డులోనైనా అవే. వాటి వెనకున్న సూత్రాన్ని తెలుగులో అర్థం చేసుకున్న పిల్లవాడికి మిగతాది చేతి అలవాటు.

ఉపాధ్యాయులకు ఒక లెక్క. ఏసీ ‘టన్ను’ దాని బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచును 24 గంటల్లో కరిగించే వేడి అది. మంచు ద్రవీభవన గుప్తోష్ణం కిలోకు 334 కిలోజౌళ్లు. గుణించి 86,400 సెకన్లతో భాగిస్తే సుమారు 3.5 కిలోవాట్లు వస్తుంది. అంటే 1.5 టన్నుల ఏసీ గది నుంచి 5 కిలోవాట్లకు పైగా వేడిని తోడుతుంది. కానీ అది వాడుకునే కరెంటు సుమారు 1.5 కిలోవాట్లే. శక్తి నిత్యత్వ నియమం తప్పకుండా ఇదెలా సాధ్యమో పిల్లలనే చెప్పమనండి.