ఆలోచన తెలుగులో.. జవాబు మరాఠీలో

షోలాపూర్ నేతవాడల్లో పదో తరగతి పిల్లల తంటాలు

షోలాపూర్: ఇంట్లో అమ్మతో తెలుగు. బడిలో సారుతో మరాఠీ. గల్లీలో కన్నడం, ఉర్దూ కూడా చెవిన పడుతుంటాయి. ఇన్ని భాషల నడుమ పెరిగిన పిల్లాడు మరాఠీ పరీక్షలో ‘స్వమత్’ అనే ప్రశ్న దగ్గరికొచ్చేసరికి కలం ఆపేస్తాడు. స్వమత్ అంటే సొంత అభిప్రాయం. అభిప్రాయం లేక కాదు, అది తెలుగులో ఉంది మరి!

కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలీలు నగరం తూర్పు భాగంలో తరాలుగా స్థిరపడ్డారు. 1877 నాటి పాత మిల్లు ఎప్పుడో మూతపడింది. దుప్పట్లు, తువ్వాళ్లు నేసే మరమగ్గాలు మాత్రం టకటకలాడుతూనే ఉన్నాయి. మగవాళ్లు కార్ఖానాకు, ఆడవాళ్లు బీడీల చాట ముందుకు. పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని పాఠం చెప్పే తీరిక ఎవరికుంది?

గైడుతో గట్టెక్కలేరు

ఒకప్పుడు గైడు బట్టీ కొడితే మార్కులు పడేవి. 2018-19లో మహారాష్ట్ర బోర్డు పదో తరగతికి కొత్త పుస్తకాలు తెచ్చింది. పరీక్ష ‘కృతిపత్రిక’ పద్ధతిలో ఉంటుంది. పద్యం ఇచ్చి ‘రసగ్రహణ్’ రాయమంటారు. భావమేమిటి, అందం ఎక్కడుంది, భాషలో ప్రత్యేకత ఏమిటి.. అన్నీ విప్పి చెప్పాలి. ఉత్తరం, వార్త, ప్రకటన, కథ రాయడం వేరే.

అదే ఏడు భాషలకు బడిలో వేసే 20 మార్కులు కూడా ఎత్తేశారు. దాంతో రాష్ట్రం మొత్తమ్మీద ఉత్తీర్ణత 89.41 శాతం నుంచి 77.10 శాతానికి జారింది. గగ్గోలు పుట్టడంతో మరుసటి ఏడాది ఆ మార్కులు తిరిగిచ్చారు. 2020లో ఫలితం 95.30 శాతం. మార్కులైతే వచ్చాయి, రాయడం వచ్చిందా అన్నది వేరే సంగతి.

రాగం అంటే కోపం!

తెలుగు పిల్లలకు అసలు చిక్కు తెలియని మాటలతో కాదు, తెలిసినట్టుండే మాటలతోనే. మరాఠీలో ‘రాగ్’ అంటే కోపం. మన పిల్లాడికి రాగమంటే పాట, లేదంటే అనురాగం. ‘అభిమాన్’ అంటే అక్కడ గర్వం, ఇక్కడ ఇష్టం. పద్యంలో ఈ రెండు మాటలు పడితే చాలు, రసగ్రహణ్ మొత్తం అడ్డం తిరుగుతుంది. ‘కాదంబరి’ అంటే నవల అని ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

ఇక లింగాల గోల. తెలుగులో వస్తువులకు ఆడా మగా లేదు. మరాఠీలో కాగితం పుంలింగం, సిరా స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. క్రియ కూడా దాన్ని బట్టే మారుతుంది. ఆలోచన బాగున్నా ఇక్కడ తప్పితే ఎర్రగీతలే. దాంతో భయపడి నాలుగు ముక్కలతో సరిపెడతారు. మంచి తెలివిగల పిల్లలకు కూడా ‘మొద్దు’ అన్న పేరు ఇలాగే వస్తుంది.

ముందు మాట, తర్వాత రాత

ఇంటి భాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషకు ఆసరా అవుతుందని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లోనే వాదించారు. అంటే పద్యం మీద ముందు తెలుగులో మాట్లాడించాలి. ఎందుకు నచ్చింది, ఏ మాట దగ్గర ఆగావు అని అడగాలి. ఆ తర్వాత మరాఠీలో రాయించాలి. దీనికి పైసా ఖర్చు లేదు. కాకపోతే తరగతిలో తెలుగు మాట్లాడితే కసిరే అలవాటు పోవాలి.

రెండు భాషలనూ ఒకే చేత్తో నేసిన రచయిత ఈ ఊళ్లోనే ఉండేవారు. 2018లో కన్నుమూసిన లక్ష్మీనారాయణ బొల్లి తెలుగు, మరాఠీ రెండింట్లోనూ రాశారు. ఆయన ఆత్మకథ పేరు ‘ఏకా సాళియానే’. సాళీ అంటే నేతగాడు. మగ్గం ఇంటి నుంచి వచ్చిన పుస్తకం కాబట్టి ఈ పిల్లలకు విడమరిచి చెప్పాల్సిన పని తక్కువ.

శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం ఈ వీధుల్లోనే కదులుతుంది. దాని మీద వార్త రాయమంటే గైడులో జవాబు దొరకదు. పిల్లాడు రథం వెంట నడిచి చూసిందే రాయాలి.