మామిడి మచ్చ నుంచి టీబీ దాకా: ‘రీసెర్చ్ ఇంట్రెస్ట్స్’ అనే ఆ ఒక్క లైన్‌లో ఏముంది?

ఎండాకాలం బాటసింగారం పండ్ల మార్కెట్ వైపు వెళ్తే విజయవాడ హైవే పొడవునా మామిడికాయల డీసీఎంలే. తోటలో కోసినప్పుడు నున్నగా మెరిసిన బేనిషాన్ కాయ, నాలుగు రోజులు మగ్గేసరికి నల్లమచ్చలు వేస్తుంది. రేటు పడిపోతుంది. ‘లోడింగ్‌లో దెబ్బ తగిలిందేమో’ అనుకుంటాడు రైతు. చాలాసార్లు అసలు దొంగ వేరే.

ఆ దొంగ పేరు కొల్లెటోట్రైకమ్. కంటికి కనిపించని శిలీంధ్రం. కాయ చెట్టు మీద ఉన్నప్పుడే తొక్కలోకి దూరి గప్‌చుప్‌గా కూర్చుంటుంది. పచ్చికాయ తొక్కలో దాన్ని ఆపే రసాయనాలు ఉంటాయి. కాయ పండేకొద్దీ అవి తగ్గుతాయి. అప్పుడు లేస్తుంది. అంటే మచ్చ మార్కెట్‌లో కనిపించింది కానీ, కథ తోటలోనే మొదలైంది.

ఈ మార్కెట్ ఇదివరకు కొత్తపేట పక్కన గడ్డిఅన్నారంలో ఉండేది. దాన్ని బాటసింగారానికి తరలించి, పాత స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. నిన్న పండ్లు ఉన్న చోటికి రేపు పేషెంట్లు వస్తారన్నమాట. పండు కుళ్లినా, మనిషికి జ్వరం వచ్చినా చాలాసార్లు వెనకున్నది సూక్ష్మజీవే.

ఇప్పుడు ఫోన్‌లో ఏదైనా యూనివర్సిటీ మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్ పేజీ తెరవండి. ప్రొఫెసర్ ఫొటో, డిగ్రీలు, కింద ‘రీసెర్చ్ ఇంట్రెస్ట్స్’ అని ఒక లైన్. ‘హోస్ట్–పాథోజెన్ ఇంటరాక్షన్స్’, ‘సెల్ వాల్ బయోజెనెసిస్’... నోరు తిరగని మాటలు. బీఎస్సీ చదివే చాలామంది అక్కడ వేలు ఆపకుండా స్క్రోల్ చేసేస్తారు. నిజానికి ఆ పేజీలో చదవాల్సింది ఆ లైనే. ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి ఐదేళ్లు ఎవరి ప్రశ్న వెంట తిరగబోతున్నారో చెప్పేది అదే.

అర్థం కావడానికి దూరం పోనక్కర్లేదు. బాటసింగారం నుంచి ఎల్‌బీ నగర్, నాగోల్ మీదుగా తార్నాక దాకా వెళ్తే చాలు. దేశంలో పేరున్న ల్యాబులు కొన్ని ఆ దారిలోనే ఉన్నాయి.

ఉప్పల్: నిద్ర నటించే టీబీ

మొదట వచ్చేది ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ సెంటర్ అనగానే క్రైమ్ సీరియల్ గుర్తొస్తుంది కానీ, ఇక్కడ టీబీ మీద కూడా పెద్ద పని జరిగింది. ప్రపంచంలోని టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే. అయితే టీబీ క్రిమి ఒంట్లోకి వెళ్లిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. నూటికి ఐదు నుంచి పది మందికే జీవితంలో ఎప్పుడో బయటపడుతుంది. మిగతావాళ్లలో మామిడి తొక్కలోని శిలీంధ్రంలాగే దాక్కుంటుంది.

ఎలా దాక్కుంటుంది? మన ఒంట్లో మాక్రోఫేజ్ అనే కణాలు ఉంటాయి. క్రిమిని మింగి అరిగించడం వాటి డ్యూటీ. టీబీ క్రిమి పోయి పోయి వాటిలోనే కాపురం పెడుతుంది. సీడీఎఫ్‌డీలో సంగీతా ముఖోపాధ్యాయ్ బృందం ‘పీపీఈ18’ అనే టీబీ ప్రొటీన్‌ని పట్టుకుని ఈ ప్రశ్న వెంట పడింది. ఆ ప్రొటీన్ మాక్రోఫేజ్ మీదున్న ‘టీఎల్ఆర్2’ అనే గ్రాహకానికి అతుక్కుని, ఐఎల్-10 అనే సంకేతాన్ని పుట్టిస్తుందని 2009లో చూపించారు. ఐఎల్-10 అంటే ఒంటికి ‘ఇక చాలు, శాంతించు’ అని చెప్పే మాట. పోలీసుల వాకీటాకీలోనే దొంగ దూరి ‘అంతా ఓకే’ అన్నట్టు.

ఇదే ప్రొటీన్‌కి ఇంకో వేషం కూడా ఉంది. ఎం72 అనే టీబీ టీకాని రెండు ప్రొటీన్ల ముక్కలతో వేరే దేశాల్లో తయారు చేశారు. అందులో ఒకటి ఈ పీపీఈ18నే. టీబీ దాక్కుని ఉన్న పెద్దవాళ్లలో అది జబ్బుగా మారకుండా ఈ టీకా సుమారు 50 శాతం రక్షణ ఇచ్చిందని రెండో దశ ట్రయల్‌లో తేలింది. మూడో దశ 2024లో దక్షిణాఫ్రికాలో మొదలైంది. మనకు చిన్నప్పుడు వేసే బీసీజీ పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల టీబీని గట్టిగా ఆపలేదు కాబట్టి ఈ ట్రయల్ మీద అందరి కళ్లూ ఉన్నాయి.

గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో శర్మిష్ఠా బెనర్జీ ల్యాబ్ ఇదే కథని ఇంకో వైపు నుంచి చదువుతోంది. హెచ్ఐవీ, టీబీ ఒకే ఒంట్లో కలిస్తే ఏమవుతుంది? కాపలా కణాలని హెచ్ఐవీ తగ్గించేస్తుంటే, పడుకున్న టీబీ లేస్తుంది. పేజీలో రాసేది ‘హోస్ట్–పాథోజెన్ ఇంటరాక్షన్స్’ అనే. ప్రశ్న మాత్రం సూటిగా ఉంది: దొంగ ఎప్పుడు లేస్తాడు?

హబ్సిగూడ: గోడలో కత్తెర

ఉప్పల్ నుంచి మెట్రో లైన్ వెంటే ముందుకొస్తే సీసీఎంబీ. ఇక్కడ మంజులా రెడ్డి పట్టుకున్న ప్రశ్న వింటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. బ్యాక్టీరియా చుట్టూ వలలాంటి గట్టి గోడ ఉంటుంది. ఇ.కోలి మంచి తిండి దొరికితే 20 నిమిషాలకే రెండవుతుంది. మరి గోడ పగలకుండా లోపలి మనిషి ఎలా పెరుగుతున్నాడు?

ఇల్లు పెంచాలంటే ముందు పాత గోడ కొంత కొట్టాలి కదా. బ్యాక్టీరియాదీ అదే తంతు. గోడ కట్టే ఎంజైములతో పాటు, వల ముడులని కోసి కొత్త ముక్కకి చోటిచ్చే కత్తెర ఎంజైములు లేకపోతే అది బతకలేదని ఆమె బృందం 2012లో చూపించింది. 2019లో లైఫ్ సైన్సెస్ విభాగంలో ఇన్ఫోసిస్ ప్రైజ్ ఆమెకే వచ్చింది.

‘దీంతో మనకేంటి?’ అంటారా? పెన్సిలిన్ పనిచేసేది గోడ కుట్టుని ఆపడం ద్వారానే. ఇప్పుడు చాలా బ్యాక్టీరియా అలాంటి మందులకి మొండికేస్తోంది. కత్తెర ఎక్కడుందో తెలిస్తే, కొత్త మందు ఎక్కడ కొట్టాలో ఒక ఆచూకీ దొరికినట్టే.

ఇదే సీసీఎంబీ, ఐఐసీటీతో కలిసి 2020లో నగరంలోని మురుగునీటిని పరీక్షించింది. కరోనా సోకినవాళ్ల మలంలో వైరస్ ముక్కలు సుమారు 35 రోజుల దాకా పోతాయి. మురుగులో వాటిని లెక్కపెట్టి, ఆ వ్యవధిలో హైదరాబాద్‌లో దాదాపు 6.6 లక్షల మందికి ఇన్ఫెక్షన్ సోకి ఉండొచ్చని అంచనా వేశారు. ఇంటింటికీ తిరిగి ముక్కులో పుల్ల పెట్టకుండానే!

పైకి చూస్తే ఎందుకూ పనికిరానట్టుండే ప్రశ్నలూ ఉంటాయి. ‘ఆకాశంలో బ్యాక్టీరియా ఉందా?’ 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచే పెద్ద బెలూన్ ఎగరేసి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టుకొచ్చారు. సీసీఎంబీలో శివాజీ బృందం, పుణే ల్యాబ్ వాళ్లు కలిసి పరీక్షిస్తే మూడు కొత్త జాతులు దొరికాయి. 2009లో వాటికి పెట్టిన పేర్లలో ఆర్యభట్ట, ఇస్రో ఉన్నాయి. ఆ బాసిల్లస్ ఆర్యభట్టై జాతి తర్వాత పొలం మట్టిలోనూ కనిపించింది. జింక్‌ని కరిగించి సోయా, గోధుమ మొక్కలకి అందిస్తుందని మన దేశంలోనే పరిశోధనలు వచ్చాయి.

తార్నాక: విద్యుత్ కేంద్రంలో దొరికిన ఈస్ట్

ఇంకాస్త ముందుకెళ్తే ఉస్మానియా యూనివర్సిటీ. ఇక్కడి మైక్రోబయాలజీకి జబ్బులతో పాటు పులియబెట్టడం కూడా పాత ఇష్టం. చక్కెరని ఈస్ట్ ఇథనాల్‌గా మార్చేటప్పుడు వేడి పుడుతుంది. మామూలు ఈస్ట్ ఆ వేడికి నీరసపడుతుంది. చల్లబరచడానికి ఖర్చు. మన ఎండలకి తట్టుకునే ఈస్ట్ ఎక్కడ దొరుకుతుంది?

ప్రొఫెసర్ ఎల్. వెంకటేశ్వరరావు బృందం దాన్ని ఎక్కడ వెతికిందో తెలుసా? కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో, వేడిగా ఉండే చోట్ల మట్టిలో. 40 డిగ్రీల వేడిలోనూ పనిచేసే ఈస్ట్ దొరికింది. ఆ పేపర్ 2000లో వచ్చింది. ఇదే డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లు శీనయ్య, గోపాల్ రెడ్డి బృందం జీవీ6 అనే లాక్టోబాసిల్లస్‌తో పిండిపదార్థాన్ని నేరుగా లాక్టిక్ యాసిడ్‌గా మార్చింది. పీఎల్ఏ ప్లాస్టిక్‌కి ముడిసరుకు అదే.

పక్కనే ఉన్న ఐఐసీటీలో గంగాగ్ని రావు బృందం బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చెత్తతో బయోగ్యాస్ తీసే ప్లాంట్‌ని డిజైన్ చేసింది. రోజుకి 10 టన్నుల చెత్తతో సుమారు 500 యూనిట్ల కరెంటు. గాలి తగలని ట్యాంకులో పనంతా చేసేది సూక్ష్మజీవులే. సీజన్‌లో బాటసింగారం వెనక పోగుపడే కుళ్లిన పండ్లని చూసినప్పుడు ఈ లెక్క గుర్తుచేసుకోండి.

మరి ఆ లైన్ ఎలా చదవాలి?

నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని మన పెద్దవాళ్లు ఇప్పటికీ ‘కోరంటి దవాఖానా’ అంటారు. క్వారంటైన్ నోట్లో నలిగి కోరంటి అయింది. దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. రాస్ ‘రీసెర్చ్ ఇంట్రెస్ట్’ ఒక్కటే: మలేరియా దోమ కడుపులో ఏం చేస్తుంది? ఏళ్ల తరబడి దోమలని కోసి చూసి, 1897 ఆగస్టు 20న బేగంపేటలో జవాబు పట్టుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది.

కాబట్టి ఫ్యాకల్టీ పేజీ తెరిచినప్పుడు మూడు విషయాలు వెతకండి. ఏ జీవి? ఏ ప్రశ్న? ఏ పనిముట్లు? జీవి మీకు నచ్చాలి, ఎందుకంటే ఐదేళ్లు దాని ముఖమే చూడాలి. ప్రశ్నని ఇంట్లో అమ్మకి తెలుగులో చెప్పగలగాలి. పనిముట్లు రేపు ఉద్యోగానికి పనికిరావాలి. తర్వాత గత ఐదేళ్ల పేపర్లు చూడండి. పేజీ పాతబడిపోయి ఉండొచ్చు, పేపర్లు మాత్రం ఇప్పటి సంగతి చెప్తాయి.

‘మైక్రోబయాలజీ చదివితే ఏమొస్తది బిడ్డా?’ అని నాయిన అడిగితే సూటిగా చెప్పండి. ఉస్మానియా ఎమ్మెస్సీకి సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. తర్వాత నెట్‌లో జేఆర్‌ఎఫ్ కొడితే, 2023 నుంచి నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ పని ఒక్కటే దారి కాదు.

ఇక ప్రాజెక్ట్ కోసం మెయిల్ రాసేటప్పుడు ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ల్యాబ్’ దగ్గర ఆగకండి. అలాంటివి వాళ్లకి కుప్పలుగా వస్తాయి. వాళ్ల పేపర్ ఒక్కటి చదివి, అందులో మీకు అర్థం కాని ఒక్క చోటు గురించి రెండు లైన్లు అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా, ఆ రెండు లైన్లు రాయడానికి మీరు చదివిన చదువు మీదగ్గరే ఉంటుంది.