చేపకు చీమకు చుట్టరికము

ఎండలో ఆరవేసిన చేప ఎండకపోవుటకును, పుట్టలోని చీమ కుట్టుటకును సంబంధమేమి? ఈ ప్రశ్నకు పండితుడైనను తడుముకొనవచ్చును గాని, తెలుగింటి పసిబిడ్డ తడుముకొనడు. చేపకు గడ్డిమోపు అడ్డము. మోపును ఆవు మేయలేదు. ఆవును కాపరి మేపలేదు. కాపరికి అవ్వ అన్నము పెట్టలేదు. అవ్వకు ఏడ్చు పిల్లవానితోనే సరిపోయినది. వానిని చీమ కుట్టినది. ఏడు చేపల కథలో రాజకుమారుల వేట ఒక నెపము మాత్రమే. కథను నడపునది ‘ఎందుకు?’ అను ప్రశ్న.

ఇట్టి గొలుసులపై తెలుగువారి మక్కువ నేటిది కాదు. ఒక పాదము విడిచిన పదమును తరువాతి పాదము అందుకొనుటను ముక్తపదగ్రస్తమని ఆలంకారికులు ఒక అలంకారముగా లెక్కించిరి. అవధాన సభలో దత్తపది నిచ్చు పృచ్ఛకుడు, ఒకదానితో ఒకటి పొత్తు కుదరని నాలుగు మాటలు ఏరి, అవి ఇమిడిపోవునట్లు భారతార్థమున పద్యము చెప్పుమనును. తిరుపతి వేంకట కవులు ఊరూర చేసిన అవధానములవలన ఈ వినోదము పండితుల ఇండ్లు దాటి సామాన్యులకును అందినది.

దీనినే తరగతి గదిలో మరియొక రూపమున ఆడవచ్చును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఈ కొసను ఒక సంగతి, ఆ కొసను మరియొక సంగతి వ్రాయును. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్క సంగతి చెప్పుచు రెంటిని కలుపవలెను. పద్యమున పొత్తు కల్పనయైనను చెల్లును. ఈ ఆటలో చెల్లదు. ప్రతి ముడియు నిజమై యుండవలెను.

కోనసీమ బడిపిల్లవాని మధ్యాహ్న భోజనపు పళ్ళెము ఒక కొస, నన్నయభట్టు రెండవ కొస అనుకొందము. ఈ రెంటికి నడుమ వేయి సంవత్సరములు అడ్డముగా నున్నవి. అయినను గొలుసు కుదురును. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ ఇల్లాలు, లంకల గన్నవరములో వచ్చిపోవు బాటసారులకు వేళ యనక అన్నము పెట్టినది. గన్నవరమునొద్ద వైనతేయ పాయను దాటించి కాలువ నీటిని రాజోలు వైపు లంకకు చేర్చు అక్విడక్టునకును నేడు ఆమె పేరే. క్రింద ఏరు, మీద కాలువ! ఆ కాలువ నీరు ధవళేశ్వరము నుండి వచ్చుచున్నది. అక్కడ 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించినవాడు ఆర్థర్ కాటన్. ఆయన అంతకుముందు కావేరి తీరమున పనిచేసి, చోళుల నాటి కల్లణై కట్టడమును పరిశీలించినాడు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు విద్యను ఆ ప్రాచీనుల నుండియే నేర్చితిమని ఆయనయే వ్రాసినాడు. చోళరాజైన రాజరాజు కుమార్తె కుందవ్వ వేంగి చాళుక్యుడైన విమలాదిత్యుని భార్య. వారి కుమారుడు రాజరాజనరేంద్రుడు. ఆయన కోరికపై రాజమహేంద్రవరమున భారతమును తెనిగింప బూనినవాడు నన్నయ. ధవళేశ్వరమునకు ఆ నగరము కూతవేటు దూరముననే యున్నది. గోదావరి ఒడ్డున బయలుదేరిన గొలుసు మరల గోదావరి ఒడ్డుననే ముగిసినది.

గొలుసు కుదిరినదని సంతోషించి ఊరకుండిన ఆట సగమే యగును. ఏ ముడి గట్టిది, ఏ ముడి వదులు అని పరీక్షించుటయే తక్కిన సగము. కాటన్‌కును కల్లణైకిని గల ముడి గట్టిది. ఒకరి విద్య మరియొకరి పనిలోనికి వచ్చినది. సీతమ్మగారికిని అక్విడక్టునకును గల ముడి ఊరిది, పేరుది. కల్లణై నుండి కుందవ్వకు దూకిన ముడియో? కల్లణై కట్టించినవాడు కరికాల చోళుడని ప్రతీతి. రాజరాజ చోళుడు పదవ శతాబ్ది చివర సింహాసనమెక్కినవాడు. ఇరువురి నడుమ అనేక శతాబ్దులు గడచినవి. తరువాతి చోళులు కరికాలుని తమ పూర్వుడని శాసనములలో చెప్పుకొనిరి గనుక ముడి తెగలేదు. కాని గొలుసంతటిలో పలుచనిది అదియే. ఈ మాటను ఉపాధ్యాయుడు చెప్పకముందే పిల్లవాడు పట్టుకొన్ననాడు ఆట ఫలించినట్లు.

తప్పుదారి పట్టించు ముళ్లును ఉన్నవి. గన్నవరమనగానే ఒక పిల్లవాడు విజయవాడ దాపున విమానాశ్రయమున్న గన్నవరమునకు దూకవచ్చును. పేరు కలిసినంతనే చుట్టరికము కలియదు. తొందరపడి వేసిన అట్టి ముడి ఒక్కటి పడిన, తరువాతి సంగతులన్నియు నిజములే అయినను గొలుసు దారి తప్పును.

పరీక్షలకు చదువు బాలునకు 1852 ఒక అంకె. వ్రాసి వచ్చిన మరునాడే మరచిపోవును. పైన కల్లణై, క్రింద తన పళ్ళెము, నడుమ ఆ అంకె వ్రేలాడుట చూచిన బాలుడు అంత సులభముగా మరువడు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. రెండు నిజములను చూపి నడుమ ఒక అబద్ధమును అతికి నమ్మించువారు లోకమున ఎప్పుడును ఉందురు. ముడిని పట్టి లాగి చూచుట బడిలో అలవడిన పిల్లవాడు వారికి సులభముగా చిక్కడు.

వచ్చే వారము అమలాపురములోనో కొత్తపేటలోనో ఏ ఉపాధ్యాయుడైనను నల్లబల్లపై ఈ కొసను అంబాజీపేట కొబ్బరికాయ, ఆ కొసను ఆదుర్రు బౌద్ధస్తూపము అని వ్రాసి చూడవచ్చును. నడుమ ఏమి వచ్చునో పిల్లలు చెప్పుదురు. ప్రతి సంగతికిని ‘ఎందుకు?’ అని ఆ ఏడు చేపల వేటగాని వలె అడుగుట ఉపాధ్యాయుని వంతు.